ఒక్క అబద్ధం.. 21 నెలల నిషేధం: మిలాన్ ఒలింపిక్స్ వేళ కరోలినా కోస్ట్నర్ కెరీర్‌ని ఎలా చూడాలి?

వింటర్ ఒలింపిక్స్ 20 ఏళ్ల తర్వాత మళ్లీ ఇటలీకి వస్తున్నాయి. ఫిబ్రవరి 6న మిలానో-కోర్టినా గేమ్స్ మొదలవుతాయి. ఫిగర్ స్కేటింగ్ పోటీలు మిలాన్ పక్కనే ఉన్న అస్సాగో అరీనాలో జరుగుతాయి. కిందటిసారి, అంటే 2006లో టూరిన్‌లో, ఇటలీ జెండా పట్టుకుని స్టేడియంలోకి నడిచింది ఓ 19 ఏళ్ల స్కేటర్. రెండ్రోజుల ముందే ఆమె పుట్టినరోజు. పేరు కరోలినా కోస్ట్నర్.

ఆ తర్వాత ఆమె కెరీర్‌లో జరిగినవి చూస్తే సినిమా కథకి కూడా ఎక్కువే అనిపిస్తుంది. సొంత గడ్డ మీద ఓటమి, వాంకూవర్‌లో పరువు పోయినంత పని, రెండేళ్లకే ప్రపంచ టైటిల్, సోచీలో ఒలింపిక్ కాంస్యం. ఆ వెంటనే డోపింగ్ కేసులో 21 నెలల సస్పెన్షన్. అది కూడా తను ఏ మందూ వాడకుండానే! బాయ్‌ఫ్రెండ్ కోసం తలుపు దగ్గర చెప్పిన ఒక్క అబద్ధానికి. చివరికి 31 ఏళ్ల వయసులో మళ్లీ ఒలింపిక్స్‌కి వచ్చి 5వ స్థానం.

కోస్ట్నర్ గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు జట్లుగా ఉంటారు. ఒకరు మెడల్స్ లెక్క చెప్తారు. ఇంకొకరు డోపింగ్ కేసు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నాకైతే ఈ రెండూ సగం సగం కథలే అనిపిస్తాయి. ఆమె సాధించిన అసలైన ఘనత ఆమె ఎంతకాలం ఆడింది అనేదాంట్లో ఉంది. సస్పెన్షన్ కొట్టిన దెబ్బ కూడా సరిగ్గా అక్కడే పడింది. అందుకే "21 నెలలే కదా" అని తేలిగ్గా తీసిపారేసే మాట ఈ ఆటకి అస్సలు కుదరదు.

మూడు భాషల లోయ నుంచి

కోస్ట్నర్ 1987 ఫిబ్రవరి 8న బొల్జానోలో పుట్టింది. పెరిగింది వాల్ గార్డెనా అనే కొండ లోయలోని ఓర్టిసేయి ఊళ్లో. ఇది ఇటలీ ఉత్తరాన ఉన్న సౌత్ టైరోల్ ప్రాంతం. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా కింద ఉండేది. ఇప్పటికీ అక్కడ జర్మన్, ఇటాలియన్‌తో పాటు లాడిన్ అనే చిన్న భాష కూడా బతికే ఉంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకోటి, బజార్లో మరోటి మాట్లాడుతూ పెరిగే పిల్లలు అక్కడ మామూలే. ఆ లోయలో మంచు ఆటలు కూడా అంతే మామూలు.

కోస్ట్నర్ నాన్న ఎర్విన్ ఇటలీ జాతీయ ఐస్ హాకీ జట్టులో ఆడాడు. 1984 ఒలింపిక్స్‌కి కూడా వెళ్లాడు. అమ్మ పాట్రిజియా ఒకప్పుడు ఫిగర్ స్కేటర్. కజిన్ ఇసోల్డే కోస్ట్నర్ స్కీయింగ్‌లో ఒలింపిక్ మెడల్స్ గెలిచింది, 2002లో సాల్ట్ లేక్ సిటీలో ఇటలీ జెండా పట్టింది. నాలుగేళ్లకే అదే ఇంటిపేరు ఉన్న ఇంకో అమ్మాయి చేతికి అదే జెండా వచ్చిందన్నమాట.

ఊళ్లోని రింక్ పనికిరాకుండా పోవడంతో టీనేజ్‌లోనే ఆమె సరిహద్దు దాటి జర్మనీలోని ఒబెర్స్ట్‌డార్ఫ్‌కి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ కోచ్ మిహాయెల్ హూత్. మధ్యలో ఒక సీజన్ తప్పితే సోచీ దాకా ఆమె ప్రయాణమంతా ఆయన దగ్గరే. ఈ ఒబెర్స్ట్‌డార్ఫ్ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

2003 నుంచి పెద్దల పోటీల్లోకి వచ్చింది. 2005లో మాస్కోలో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో కాంస్యం. అప్పటికి 18 ఏళ్లు. వచ్చే ఏడాది ఒలింపిక్స్ సొంత దేశంలో. ఇక చూడండి, ఆశలన్నీ ఆ అమ్మాయి మీదే పెట్టేశారు.

టూరిన్, వాంకూవర్: రెండు చేదు ఒలింపిక్స్

టూరిన్‌లో జెండా పట్టిన అమ్మాయి ఐస్ మీద మాత్రం తడబడింది. 9వ స్థానం. 19 ఏళ్ల అమ్మాయికి అది మరీ అవమానం ఏమీ కాదు. కానీ జెండా ఇచ్చి పంపించినప్పుడు జనం 9వ స్థానం కోసం చూడరు కదా.

ఆ తర్వాత కథ విచిత్రంగా నడిచింది. యూరప్‌లో ఆమెకి తిరుగులేదు. 2007లో వార్సాలో, 2008లో జాగ్రెబ్‌లో యూరోపియన్ టైటిల్స్. 2008 వరల్డ్స్‌లో రజతం. కానీ 2009 వరల్డ్స్‌లో ఒక్కసారిగా 12వ స్థానానికి పడిపోయింది. దాంతో కోచ్‌ని మార్చి అమెరికాలో ఫ్రాంక్ కారల్ దగ్గరికి వెళ్లింది. 2010 జనవరిలో తాలిన్‌లో మళ్లీ యూరోపియన్ టైటిల్ వచ్చింది. హమ్మయ్య, గాడిలో పడింది అనుకునేలోపే వాంకూవర్ వచ్చింది.

వాంకూవర్ ఫ్రీ స్కేట్‌లో ఆమె పదేపదే కింద పడింది. ఆ వీడియో ఇప్పుడు చూసినా కష్టంగానే ఉంటుంది. నాలుగు నిమిషాల ప్రోగ్రామ్‌లో ఒకసారి పడితే లేచి కంటిన్యూ చేయొచ్చు. మళ్లీ మళ్లీ పడుతుంటే తర్వాతి జంప్ దగ్గరికి వెళ్లేటప్పుడే భయం కాళ్లలోకి వచ్చేస్తుంది. ఫలితం 16వ స్థానం. అదే ఒలింపిక్స్‌లో అదే కోచ్ కారల్ శిష్యుడు ఇవాన్ లైసాచెక్ పురుషుల స్వర్ణం గెలిచాడు. ఒకే రింక్‌లో ప్రాక్టీస్ చేసిన ఇద్దరిలో ఒకరు ఆకాశంలో, ఇంకొకరు నేల మీద.

చాలా మంది స్కేటర్ల కథ ఇక్కడే ముగుస్తుంది. 23 ఏళ్లు వచ్చాయి, రెండు ఒలింపిక్స్ పోయాయి. మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో అప్పటికే 23 అంటే సీనియర్ కిందే లెక్క.

కష్టమైన జంప్‌లు తగ్గించి గెలవడం ఎలా?

ఇక్కడ స్కోరింగ్ గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే 2012లో జరిగింది అర్థం కాదు. ఫిగర్ స్కేటింగ్‌లో మార్కులు రెండు ముక్కలుగా వస్తాయి. ఒకటి టెక్నికల్ స్కోరు. ప్రతి జంప్‌కి, స్పిన్‌కి ముందే నిర్ణయించిన విలువ ఉంటుంది. దాన్ని ఎంత శుభ్రంగా చేశారనేదాన్ని బట్టి జడ్జీలు కలుపుతారు లేదా కోస్తారు. పూర్తిగా కింద పడితే పెనాల్టీ అదనం. రెండోది కాంపోనెంట్స్ స్కోరు. ఐస్ మీద అంచులు ఎలా వాడారు, వేగం ఎలా ఉంది, సంగీతానికి శరీరం ఎలా స్పందించింది, ప్రోగ్రామ్ కూర్పు ఎలా ఉంది, ఇవన్నీ అందులోకి వస్తాయి.

గాయాల వల్ల వాంకూవర్ తర్వాత కోస్ట్నర్ కష్టమైన లుట్జ్, ఫ్లిప్ లాంటి జంప్‌లని కొంతకాలం పక్కన పెట్టాల్సి వచ్చింది. కాగితం మీద చూస్తే ఇది ఓటమిని ముందే ఒప్పుకున్నట్టు. తిరిగి హూత్ దగ్గరికి వచ్చేసింది. కెనడాకి చెందిన కొరియోగ్రాఫర్ లోరీ నికోల్‌తో కలిసి మిగతా సగం మీద, అంటే స్కేటింగ్ మీద, పనిచేసింది. జంప్‌లు చేతనైనంతే పెట్టి, వాటి మధ్య ఉండే సమయాన్ని ఖాళీ లేకుండా నింపింది.

కోస్ట్నర్ స్కేటింగ్ చూడని వాళ్లకి ఒక్క విషయం చెప్పొచ్చు. ఆమె కాళ్లు పొడుగు, వేగం ఎక్కువ. రింక్ ఈ చివర నుంచి ఆ చివరికి రెండు మూడు తోపుల్లో వెళ్లిపోతుంది. మామూలుగా అంత వేగంలో ఉన్న స్కేటర్ ముఖంలో టెన్షన్ కనిపిస్తుంది. ఈమె మాత్రం ఏదో ఆలోచిస్తూ నడుస్తున్నట్టు ఉంటుంది. టీవీలో ఈ వేగం సగమే తెలుస్తుంది, ఎందుకంటే కెమెరా కూడా ఆమెతో పాటే తిరుగుతుంటుంది.

ఫలితాలు చూడండి. 2011 వరల్డ్స్‌లో కాంస్యం. 2011 డిసెంబర్‌లో క్యూబెక్ సిటీలో గ్రాండ్ ప్రి ఫైనల్ టైటిల్. 2012 జనవరిలో షెఫీల్డ్‌లో యూరోపియన్ టైటిల్. 2012 మార్చిలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ప్రపంచ ఛాంపియన్! ఫ్రీ స్కేట్‌కి మోజార్ట్ పియానో సంగీతం. మహిళల సింగిల్స్‌లో ఇటలీకి అదే మొదటి ప్రపంచ టైటిల్. వాంకూవర్‌లో 16వ స్థానం వచ్చిన అమ్మాయి రెండేళ్ల తర్వాత ప్రపంచంలో నంబర్ వన్.

కెరీర్ పీక్‌లో ఉంది. లండన్ సమ్మర్ ఒలింపిక్స్‌కి నాలుగు నెలల టైముంది. ఆమె ఆటకీ లండన్‌కీ సంబంధం లేదు కానీ, ఆమె జీవితానికి ఉంది.

జులై 30, 2012

కోస్ట్నర్ బాయ్‌ఫ్రెండ్ అలెక్స్ ష్వాట్సర్. అతనూ సౌత్ టైరోల్ వాడే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల రేస్ వాక్‌లో స్వర్ణం గెలిచిన హీరో. లండన్‌లో మళ్లీ బరిలోకి దిగడానికి రెడీ అవుతున్నాడు.

2012 జులై 30న డోపింగ్ కంట్రోల్ అధికారులు అతన్ని వెతుక్కుంటూ ఒబెర్స్ట్‌డార్ఫ్‌లోని కోస్ట్నర్ ఇంటికి వచ్చారు. తలుపు తీసింది ఆమె. ష్వాట్సర్ ఇంట్లోనే ఉన్నాడు. లేడని చెప్పింది.

మొత్తం కేసు ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. అదే రోజు ష్వాట్సర్ తన సొంతూరికి వెళ్లి శాంపిల్ ఇచ్చాడు. అందులో ఈపీఓ బయటపడింది. ఈపీఓ అంటే రక్తంలో ఎర్ర కణాలు పెంచి, ఎక్కువసేపు అలసిపోకుండా చేసే నిషేధిత మందు. లండన్ గేమ్స్ మధ్యలోనే విషయం బయటికొచ్చింది. ఇటలీ అతన్ని జట్టు నుంచి తప్పించింది. ప్రెస్ మీట్‌లో ఏడుస్తూ తప్పు ఒప్పుకున్నాడు. కరోలినాకి ఏమీ తెలియదని కూడా చెప్పాడు. వాళ్ల బంధం కూడా తెగిపోయింది.

(ష్వాట్సర్ కథ ఇంకా పెద్దది. నిషేధం అయిపోయాక 2016లో మళ్లీ పాజిటివ్, 8 ఏళ్ల నిషేధం. 2021లో బొల్జానో కోర్టు జడ్జి ఆ రెండో శాంపిల్‌లో కల్తీ జరిగి ఉండొచ్చంటూ క్రిమినల్ కేసు కొట్టేశారు. క్రీడా నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. అది వేరే ఆర్టికల్‌కి సరిపడా మేటర్.)

కోస్ట్నర్ మీద విచారణ వెంటనే తేలలేదు. ఈ లోపు ఆమె ఆడుతూనే ఉంది. ఆ గొడవ జరిగిన ఆరు నెలలకే, 2013 జనవరిలో జాగ్రెబ్‌లో 5వ యూరోపియన్ టైటిల్. మార్చిలో కెనడాలోని లండన్ నగరంలో, ముక్కు నుంచి రక్తం కారుతున్నా ప్రోగ్రామ్ ఆపకుండా పూర్తి చేసి, యూనా కిమ్ వెనక రజతం. లోపల ఏం నడుస్తోందో బయటికి కనపడనివ్వలేదు.

సోచీలో ఏం జరిగింది?

2014 సోచీ ఒలింపిక్స్ ముందు ఆమె తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. సీజన్ మధ్యలో రెండు ప్రోగ్రాములూ మార్చేసింది. నెలల తరబడి ప్రాక్టీస్ చేసినవి పక్కన పెట్టి, షార్ట్ ప్రోగ్రామ్‌కి 'ఆవే మరియా', ఫ్రీ స్కేట్‌కి ముందు సీజన్‌లో వాడిన రవేల్ 'బొలేరో' తీసుకుంది. 27 ఏళ్లు, మూడో ఒలింపిక్స్, మొదటి రెండూ చేదు. అలాంటి టైమ్‌లో ఈ సాహసం.

షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి మొదటి మూడు స్థానాల మధ్య తేడా ఒక్క పాయింట్ కూడా లేదు. యూనా కిమ్ 74.92, రష్యా అమ్మాయి అడెలినా సోత్నికోవా 74.64, కోస్ట్నర్ 74.12. ఫ్రీ స్కేట్ తర్వాత సోత్నికోవా 224.59తో స్వర్ణం, కిమ్ 219.11తో రజతం. కోస్ట్నర్ 216.73తో కాంస్యం. కిమ్‌కి స్వర్ణం రాలేదని కొరియాలో ఎంత రచ్చ జరిగిందో తెలిసిందే. జడ్జింగ్ మీద గొడవ నెలల తరబడి నడిచింది. ఆ గొడవలో మూడో అమ్మాయి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

కానీ ఇటలీకి మహిళల సింగిల్స్‌లో అదే తొలి ఒలింపిక్ మెడల్. అన్ని విభాగాలూ కలిపి చూసినా, ఫిగర్ స్కేటింగ్‌లో ఇటలీకి అంతకుముందు ఉన్నది 2002లో ఐస్ డ్యాన్స్‌లో వచ్చిన ఒక్క కాంస్యమే. నెల తర్వాత జపాన్‌లోని సైతామాలో వరల్డ్స్‌లో కూడా కాంస్యం గెలిచింది. ఆ తర్వాత కొంత గ్యాప్ తీసుకుంటానని చెప్పింది. కేసు ఫైలు తెరుచుకుంది అప్పుడే.

శిక్ష న్యాయమేనా?

2014లో ఇటలీ ఒలింపిక్ కమిటీ ప్రాసిక్యూటర్లు ఆమెకి 4 ఏళ్ల 3 నెలల నిషేధం అడిగారు. 2015 జనవరిలో ట్రిబ్యునల్ 16 నెలలు వేసింది. విషయం స్విట్జర్లాండ్‌లోని క్రీడా వివాదాల కోర్టు, అంటే సీఏఎస్ దాకా వెళ్లింది. అక్కడ 2015 అక్టోబర్‌లో అది 21 నెలలుగా తేలింది. 2014 ఏప్రిల్ నుంచే లెక్క వేయడంతో 2015 డిసెంబర్ 31తో ముగిసింది. ఆమె మీద మోపింది మందు వాడిన కేసు కాదు. డోపింగ్ కంట్రోల్‌ని తప్పించుకోవడానికి ఇంకొకరికి సాయపడటం.

ఇక్కడ రెండు వైపులా చూడాలి. డోపింగ్ టెస్టుల వ్యవస్థ మొత్తం ఆ తలుపు మీదే ఆధారపడి ఉంది. టాప్ క్రీడాకారులు తాము ఏ రోజు ఎక్కడ ఉంటామో ముందే రాసివ్వాలి, అధికారులు చెప్పకుండా వస్తారు. మన దేశంలో నాడా టెస్టింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి కూడా ఇదే రూల్. తలుపు తీసిన భార్యో, భర్తో, అన్నో, స్నేహితురాలో "లేడు" అని చెప్పేస్తే ఆ కొన్ని గంటల్లో చాలా మారిపోవచ్చు. కోస్ట్నర్‌కి ఈ విషయం తెలియదని అనలేం. ఆమె ఇంటికి కూడా ఇలాంటి అధికారులు వచ్చేవాళ్లే. కాబట్టి శిక్షే ఉండకూడదు అనే వాదన నాకు ఎక్కదు.

కానీ ఇంకోవైపు చూడండి. ఆ అబద్ధం వల్ల టెస్ట్ తప్పలేదు. అదే రోజు శాంపిల్ దొరికింది, పాజిటివ్ వచ్చింది. ఆమెకి కలిగిన లాభం సున్నా. పైగా ఆ రోజు తలుపు తీసింది ఓ టీచరో, బ్యాంకు ఉద్యోగో అయి ఉంటే ఏ క్రీడా ట్రిబ్యునల్ కూడా వాళ్ల కెరీర్ ఆపలేదు. ఆమె కూడా క్రీడాకారిణి కాబట్టి, ఇంకొకరి కేసులో తన ఆట పోయింది. అలాంటి మనిషికి నాలుగేళ్లు అడిగారంటే, 27 ఏళ్ల స్కేటర్‌ని ఇంటికి పంపించేయమని అడిగినట్టే.

ఈ విషయంలో 2022 బీజింగ్‌లో జరిగిన కమిలా వలియేవా కేసు కూడా గుర్తొస్తుంది. 15 ఏళ్ల రష్యా అమ్మాయి శాంపిల్‌లో నిషేధిత మందు బయటపడింది. 2024 జనవరిలో సీఏఎస్ ఆ అమ్మాయికి 4 ఏళ్ల నిషేధం వేసింది. రెండు కేసుల్లో నిజానిజాలు పూర్తిగా వేరు, కలిపి చూడకూడదు కూడా. కానీ ఒక ప్రశ్న మాత్రం రెండింట్లోనూ ఉంది. అథ్లెట్ పక్కన ఉన్నవాళ్ల బాధ్యత ఎంత? కోస్ట్నర్ కేసులో పక్కనున్న మనిషి మూల్యం చెల్లించింది. వలియేవా విషయంలో ఆ తీర్పు కింద ఆట ఆగిపోయింది ఆ అమ్మాయికే.

ఇప్పుడు ఆ 21 నెలల లెక్క. కాగితం మీద 21. కానీ 2014 మార్చిలో సైతామా తర్వాత ఆమె మళ్లీ పోటీలో దిగింది 2016 డిసెంబర్‌లో. అంటే 33 నెలలు. గ్యాప్ ఆమె ముందే అనుకున్నదే, నిజమే. కానీ తనంతట తాను తీసుకున్న విరామం వేరు, ఎప్పుడు తెరుస్తారో తెలియని తలుపు ముందు కూర్చోవడం వేరు. రేస్ వాకింగ్‌లో 30 దాటాక కూడా టాప్‌లో ఉండొచ్చు. మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో 27 నుంచి 29 మధ్య పోయిన కాలం దాదాపు తిరిగిరాదు. ఒకే సంఖ్యలో నెలలు వేసినా, ఆటని బట్టి దాని బరువు మారిపోతుంది. శిక్షల పుస్తకంలో మాత్రం ఈ తేడాకి చోటు లేదు.

29 ఏళ్లకి మళ్లీ మొదలు

తిరిగి వచ్చిన కోస్ట్నర్ ఈసారి రష్యాకి వెళ్లింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలెక్సీ మిషిన్ దగ్గర శిక్షణ. ప్లుషెంకోని తయారుచేసిన కోచ్ ఆయన. 2016 డిసెంబర్‌లో జాగ్రెబ్‌లో గోల్డెన్ స్పిన్ టోర్నీ గెలిచింది. నెల తర్వాత 2017 యూరోపియన్ పోటీల్లో కాంస్యం. 2018లో మాస్కోలో మళ్లీ కాంస్యం. మొత్తం యూరోపియన్ మెడల్స్ 11, అందులో 5 స్వర్ణాలు. ప్రపంచ పోటీల్లో 6 మెడల్స్.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కి ఒక్కరోజు ముందు ఆమెకి 31 నిండాయి. అక్కడ స్వర్ణం గెలిచిన అలీనా జగీటోవాకి 15. జగీటోవా పుట్టినప్పుడు కోస్ట్నర్‌కి అదే 15 ఏళ్లు! జగీటోవా తన ఫ్రీ స్కేట్‌లో జంప్‌లన్నీ రెండో సగంలో పెట్టింది, ఎందుకంటే అలసిపోయాక చేసే జంప్‌లకి అప్పట్లో 10 శాతం బోనస్ ఉండేది. తర్వాత ఆ బోనస్‌కి కోత పెట్టారు. కోస్ట్నర్ దెబ్యుస్సీ సంగీతానికి స్కేట్ చేసి 5వ స్థానంలో నిలిచింది. టూరిన్‌లో 9, వాంకూవర్‌లో 16, సోచీలో 3, ప్యాంగ్‌చాంగ్‌లో 5. సొంత గడ్డ మీద 19 ఏళ్లప్పుడు వచ్చిన స్థానం కన్నా 31లో వచ్చిన స్థానమే మెరుగు.

ఇంకో నెల తర్వాత 2018 వరల్డ్స్ మిలాన్‌లో జరిగాయి. వేదిక ఇప్పుడు ఒలింపిక్స్ జరగబోయే అస్సాగో అరీనానే. షార్ట్ ప్రోగ్రామ్‌లో కోస్ట్నర్‌కి 80.27. ఒలింపిక్ ఛాంపియన్ జగీటోవా కన్నా ముందు, మొదటి స్థానం. అరీనా మొత్తం లేచి నిలబడింది. రెండ్రోజుల తర్వాత ఫ్రీ స్కేట్‌లో తప్పులు దొర్లాయి. కొద్ది తేడాతో కాంస్యం పోయి 4వ స్థానం. జగీటోవా కూడా ఆ రోజు పదేపదే పడి 5వ స్థానానికి జారింది. టైటిల్ కెనడా అమ్మాయి కేట్లిన్ ఆస్మండ్‌కి వెళ్లింది.

అది కోస్ట్నర్‌కి 14వ వరల్డ్ ఛాంపియన్‌షిప్. చివరిది కూడా. తర్వాత తుంటి గాయం ఆమెని మళ్లీ ఆ స్థాయి పోటీకి రానివ్వలేదు.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

ఆమె తర్వాత ఇటలీ నుంచి మహిళల సింగిల్స్‌లో ప్రపంచ మెడల్ ఇంకా ఎవరికీ రాలేదు. సొంత గడ్డ మీద ఇటలీ ఆశలు ఎక్కువగా జంటల మీదే. పెయిర్స్‌లో సారా కొంటి, నికోలో మాచీ 2023లో యూరోపియన్ ఛాంపియన్లు. ఐస్ డ్యాన్స్‌లో షార్లీన్ గిన్యార్డ్, మార్కో ఫాబ్రి 2023, 2024 వరల్డ్స్‌లో రజతం గెలిచారు. ఫాబ్రి, గిన్యార్డ్ ఇద్దరూ 30 దాటినవాళ్లే. జంటల విభాగాల్లో ఆ వయసు వింతేమీ కాదు. సింగిల్స్‌లోనే వింత.

ఆ వింతని కొంచెమైనా తగ్గించే మార్పు ఒకటి వచ్చింది. వలియేవా కేసు తర్వాత 2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ సీనియర్ పోటీలకి కనీస వయసుని 15 నుంచి 17కి పెంచాలని నిర్ణయించింది. దశలవారీగా అమలై 2024-25 సీజన్ నుంచి 17 పూర్తిగా వచ్చేసింది. కాంపోనెంట్స్ స్కోరుని కూడా ఐదు అంశాల నుంచి మూడుకి కుదించారు. ప్రోగ్రామ్ కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. కోస్ట్నర్ దశాబ్దం పాటు మార్కులు తెచ్చుకున్నది వీటి మీదే.

వయసు పెంచినంత మాత్రాన 27 ఏళ్లకి మెడల్స్ వస్తాయా అంటే, రావు. గాయాలు, ఖర్చు, ప్రాక్టీస్ గంటలు అన్నీ అలాగే ఉన్నాయి. కానీ 15 ఏళ్ల పిల్ల ఒలింపిక్ స్వర్ణం గెలిచి, ఆ తర్వాత రెండు మూడేళ్లకే కనపడకుండా పోయే సీన్లు మాత్రం తగ్గుతాయి.

మిలాన్‌లో మహిళల షార్ట్ ప్రోగ్రామ్ ఫిబ్రవరి 17న, ఫ్రీ స్కేట్ 19న. కొత్త రూల్ ప్రకారం 2025 జులై 1 లోపు 17 నిండినవాళ్లకే ఎంట్రీ. అంటే అస్సాగో ఐస్ మీద దిగే అతి చిన్న అమ్మాయి కూడా, 2018లో మెడల్ అందుకున్న నాటి జగీటోవా కన్నా పెద్దదే అయి ఉంటుంది.